పెత్తనమా... పెద్దరికమా?

చూడటానికి కవలపిల్లల్లా ఉంటాయి. పలికితే ఇంచుమించు ఒకలాగే వినిపిస్తాయి. నిఘంటువులో పక్కపక్కనే కాపురముంటాయి. కానీ ఒకదాన్ని వాడాల్సినచోట ఇంకోదాన్ని వాడామో... పొగడ్త కాస్తా తిట్టయి కూర్చుంటుంది. ‘అథారిటేటివ్’, ‘అథారిటేరియన్’... ఈ రెండు ఇంగ్లిషు మాటలకూ మధ్య దూరం ఎంతో తెలిస్తే ఆఫీసులో బాసు దగ్గర్నుంచి ఇంట్లో నాన్న దాకా చాలామంది కొత్తగా కనిపిస్తారు!

ఓ కుర్రాడు ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్నాడు. పన్నుల లెక్కల్లో తనకు తిరుగులేని పట్టుందని చెప్పుకోవాలి. మామూలు మాటయితే ఏం బాగుంటుందని, డిక్షనరీ తిరగేసి మరీ ఓ బరువైన పదం పట్టుకొచ్చాడు. ‘ట్యాక్స్ విషయాల్లో నేను అథారిటేరియన్‌ని’ అని రాసేశాడు. అవతల చదివిన మేనేజరుకి అర్థమయ్యేదేమిటి? ‘ఈ మనిషి ఎవరి మాటా వినడు, తాను చెప్పిందే వేదమంటాడు’ అని! ఇక ఇంటర్వ్యూకి పిలుపు వస్తుందా?

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. పత్రికలు మూయించి, ప్రతిపక్షాన్ని జైల్లో పెట్టిన నియంత గురించి రాస్తూ ‘అథారిటేటివ్ పాలకుడు’ అన్నామనుకోండి. అతగాణ్ని తిట్టబోయి నెత్తిన కిరీటం పెట్టినట్టే. రెండు పదాల్లోనూ ‘అథారిటీ’ ఉంది. తేడా అంతా తోకలోనే. కానీ ఆ తోకే అర్థాన్ని అటు నుంచి ఇటు తిప్పేస్తుంది.

నమ్మకం ఒకవైపు... భయం ఒకవైపు

అథారిటేటివ్ అంటే ప్రామాణికమైనది, నమ్మదగినది. విషయం తెలిసినవారి మాటకుండే బరువు అది. కాకతీయుల చరిత్ర మీద ఏళ్ల తరబడి శాసనాలు చదివి రాసిన పుస్తకం ‘అథారిటేటివ్ బుక్’. గుండెజబ్బుల గురించి అనుభవమున్న వైద్యుడు చెప్పే మాట ‘అథారిటేటివ్ ఒపీనియన్’. ఎవరూ మెడ మీద కత్తిపెట్టి ఆ పుస్తకం చదవమనరు. ఆ డాక్టరు చెప్పినట్టు వినకపోతే పోలీసులు రారు. అయినా వింటాం. ఎందుకంటే ఆ మాట వెనక చదువూ అనుభవమూ ఉన్నాయని మనకు తెలుసు.

అథారిటేరియన్ అంటే నిరంకుశం. ‘చెప్పింది చెయ్, ఎందుకని అడక్కు’ అనే ధోరణి. ఆ మాటకు బలం జ్ఞానం నుంచి రాదు, కుర్చీ నుంచి వస్తుంది. కుర్చీ తీసేస్తే మాటా పోతుంది. నిరంకుశం అన్న మాటలోనే ఓ బొమ్మ ఉంది చూడండి... అంకుశం లేనిది అని. మావటి చేతిలో అంకుశం లేని ఏనుగు ఎటు తొక్కుకుంటూ పోతుందో ఎవరికి తెలుసు?

మన రాజ్యాంగంలో కూడా ఈ రెండింట్లో మొదటి మాట కనిపిస్తుంది. పార్లమెంటు చేసే చట్టాలకు ‘అథారిటేటివ్ టెక్స్ట్’ ఇంగ్లిషులోనే ఉండాలని, పార్లమెంటు వేరే ఏర్పాటు చేసేదాకా ఇదే పద్ధతని 348వ అధికరణం చెబుతోంది. అంటే అర్థం మీద తగువొస్తే చూడాల్సిన అసలు పాఠమన్నమాట. తర్వాత 1973లో మరో చట్టం వచ్చింది. దాని ప్రకారం రాష్ట్రపతి అధికారంతో గెజిట్‌లో ప్రచురించిన కేంద్ర చట్టాల తెలుగు అనువాదాన్నీ ‘అథారిటేటివ్ టెక్స్ట్’గానే పరిగణించాలి. ఇక్కడ అథారిటేటివ్‌కి బదులు అథారిటేరియన్ అని అచ్చుపడితే ఎంత గందరగోళమో ఊహించుకోవచ్చు!

పుట్టిల్లు ఒక్కటే

ఇంత తేడా ఉన్న ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టాయి. లాటిన్‌లో ‘ఆగెరె’ అని ఓ క్రియ. అర్థం... పెంచడం. దాని నుంచి ‘ఆక్టర్’ వచ్చింది. పెంచేవాడు, పుట్టించేవాడు, ఒక పనికి మూలపురుషుడు అని. ఇంగ్లిషులో రచయితను ‘ఆథర్’ అంటున్నది ఈ మాట నుంచే. ఆ ఆక్టర్‌కి ఉండే మన్ననే ‘ఆక్టోరిటాస్’. నేటి అథారిటీకి తాతగారు అదే.

రోమన్లు ఈ విషయంలో చాలా పట్టింపుగా ఉండేవారు. పదవితో వచ్చే అధికారాన్ని ‘పొటెస్టాస్’ అన్నారు. మనిషి మీద జనానికున్న మన్నన వల్ల మాటకు వచ్చే బరువును ఆక్టోరిటాస్ అన్నారు. సెనేట్ ఇచ్చే సలహాకు దక్కే గౌరవం ఈ రెండో కోవలోది. తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ తన ఘనకార్యాలను తానే రాయించుకున్న శాసనంలో, పదవుల్లో సహచరుల కంటే తనకు ఎక్కువ అధికారమేమీ లేదనీ ఆక్టోరిటాస్‌లో మాత్రం అందర్నీ మించిపోయాననీ చెప్పుకున్నాడు. సైన్యమంతా చేతిలో ఉన్నవాడు ఆ మాట అనడం గడుసుతనమే. కానీ ఒకటి గమనించాలి. అంతటివాడు కూడా గొప్పగా చెప్పుకోవాలనుకున్నది అధికారాన్ని కాదు, మన్ననను.

రోమన్ చట్టంలో ఇంకో ముచ్చటైన వాడుక ఉంది. మైనరు పిల్లలకు సంరక్షకుడు ఉంటాడు. పసితనం దాటిన పిల్లవాడు ఆస్తి విషయంలో ఏదైనా ఒప్పందం చేసుకోవాలంటే తానే ముందుకొచ్చి చేయాలి. సంరక్షకుడు పక్కన నిలబడి దానికి తన ఆక్టోరిటాస్ జోడిస్తాడు. అప్పుడే అది చెల్లుతుంది. పని పిల్లవాడిది, బలం పెద్దవాడిది. రెండు వేల ఏళ్లనాటి ఈ ఏర్పాటు పిల్లల పెంపకం మీద ఇవాళ్టి పుస్తకాలు చెప్పే మాటకు ఎంత దగ్గరగా ఉందో!

ఇంగ్లిషులో అథారిటేటివ్ పాత మాట. 17వ శతాబ్దం నాటికే వాడుకలో ఉంది. అథారిటేరియన్ 19వ శతాబ్దంలో వచ్చింది. స్వేచ్ఛ కంటే అధికారానికి లొంగి ఉండటమే మేలనే ధోరణికి ఓ పేరు కావాల్సి వచ్చింది మరి.

తెలుగులోనూ ఉందీ జంట

‘ఇంగ్లిషువాళ్ల బాధలు మనకెందుకు’ అనుకుంటున్నారా? అచ్చం ఇలాంటి జంటే తెలుగులోనూ ఉంది. పెద్ద అనే మాట నుంచే పెద్దరికం వచ్చింది. పెద్ద, తనం కలిసి పెత్తనమూ వచ్చింది. ఒక తల్లి పిల్లలే. కానీ ‘ఆయన పెద్దరికానికి విలువిచ్చి ఒప్పుకున్నాం’ అంటాం. ‘మా మీద ఆయన పెత్తనమేంటి’ అంటాం. ఎక్కడైనా ఎవరైనా ‘ఆయన పెత్తనానికి గౌరవమిచ్చి’ అనగా విన్నామా?

వాటి పక్కన చేరే క్రియలే అసలు గుట్టు చెప్పేస్తాయి. పెత్తనం ‘చెలాయిస్తారు’. పెద్దరికం ‘నిలబెట్టుకుంటారు’. ఎదుటివాళ్ల ఇష్టంతో పనిలేకుండా చెలాయించేది ఒకటి. ఎదుటివాళ్లు ఇస్తే అందుకుని, పోగొట్టుకోకుండా జాగ్రత్తగా కాపాడుకోవాల్సింది ఇంకొకటి. పల్లెటూళ్లలో అన్నదమ్ముల పంపకాలకు ఓ పెద్దమనిషిని పిలిచేవారు. ఆయనకు సర్కారు ఇచ్చిన హోదా ఏదీ ఉండేది కాదు. ఇద్దరి మాటా విని, గట్టు ఎక్కడ వేయాలో, నూతినీళ్లు ఎవరికెన్ని రోజులో, ఎందుకలాగో చెప్పేవాడు. ఇద్దరూ తలూపేవారు. అదే ఊళ్లో పెత్తందారు కూడా ఉండేవాడు. అతని ముందూ తలూపేవారు. కానీ ఆ రెండు తలూపుళ్లూ ఒకటి కావని ఊరందరికీ తెలుసు.

అందుకే ఇంగ్లిషు పాఠం కష్టమనిపిస్తే తెలుగులో గుర్తుపెట్టుకుంటే సరి. అథారిటేటివ్ అంటే పెద్దరికం. అథారిటేరియన్ అంటే పెత్తనం.

సి.పి.బ్రౌన్‌నే తీసుకోండి. ఈస్టిండియా కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆ రోజుల్లో ఆయన హుకుం చెల్లింది. 1884లో ఆయన కన్నుమూశారు. కంపెనీ పోయింది, కంపెనీని మింగిన సామ్రాజ్యమూ పోయింది. కానీ పాత తెలుగు మాటకు అర్థం కావాల్సి వస్తే నేటికీ బ్రౌన్ నిఘంటువు తెరుస్తున్నారు. కుర్చీతో వచ్చింది కుర్చీతోనే పోయింది. పనితో వచ్చింది మిగిలింది.

దేశాల నుంచి ప్రయోగశాలకు

అథారిటేరియన్ అనే మాట ఎక్కువగా వినిపించేది రాజకీయాల్లోనే. జర్మనీలో పుట్టిన రాజకీయ శాస్త్రవేత్త హువాన్ లింజ్ 1964లో ఫ్రాంకో పాలనను వివరిస్తూ ఈ మాటకు పక్కా నిర్వచనం ఇచ్చారు. మనిషి ఆలోచనల్ని కూడా తన పిడికిట్లో పెట్టుకోవాలనుకునే పాలన ‘టోటాలిటేరియన్’. ‘నువ్వేం ఆలోచించినా ఫర్వాలేదు, రాజకీయాల్లోకి మాత్రం రాకు’ అనే పాలన ‘అథారిటేరియన్’ అని స్థూలంగా ఆయన గీసిన గీత. మన దేశంలో 1975 నుంచి 1977 దాకా ఉన్న ఎమర్జెన్సీ గురించి రాసేటప్పుడూ చాలామంది వాడేది ఈ మాటే. పత్రికలకు సెన్సారు, ప్రశ్నించినవారికి జైలు. ఆ రోజులు చూసినవాళ్లకు ఈ పదానికి డిక్షనరీ అక్కర్లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక శాస్త్రవేత్తల్ని ఓ ప్రశ్న నిద్రపోనివ్వలేదు. నియంత ఒక్కడే. మరి అతను చెప్పిందల్లా చేసినవాళ్లు లక్షల్లో ఎలా తయారయ్యారు? అడోర్నో, మరో ముగ్గురు పరిశోధకులు కలిసి 1950లో ‘ది అథారిటేరియన్ పర్సనాలిటీ’ అనే పుస్తకం వెలువరించారు. పైవారికి వంగి, కిందివారిని వంచే మనస్తత్వానికి కఠినమైన పెంపకంలో వేర్లున్నాయని వాళ్ల వాదన. ఆ పద్ధతి మీద తర్వాత విమర్శలూ వచ్చాయి. కానీ దేశాన్నేలే మాట ఇంటి గుమ్మం దాకా వచ్చింది అప్పుడే.

ఆ తర్వాత యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం సంగతి చాలామంది వినే ఉంటారు. పేపర్లో ప్రకటన చూసి వచ్చిన 40 మంది మగవాళ్లు. జ్ఞాపకశక్తి మీద పరీక్ష అని చెప్పి, పక్కగదిలో ఉన్న మనిషి తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇమ్మన్నారు. 15 వోల్టులతో మొదలెట్టి 450 దాకా. నిజానికి షాకులేం లేవు, అవతలి మనిషి నటిస్తున్నాడు. ఆ సంగతి వీళ్లకు తెలియదు. కోటు వేసుకున్న ఓ వ్యక్తి పక్కనే నిలబడి ‘ఆపకూడదు, కానివ్వండి’ అంటూ ఉంటే... చెమటలు పడుతున్నా చేతులు వణుకుతున్నా 26 మంది చివరి మీట దాకా వెళ్లారు. నూటికి 65 మంది! ఈ ఫలితాలు 1963లో అచ్చయ్యాయి.

దీని తర్వాత చేసిన మరో ప్రయోగం గురించి అంతగా చెప్పుకోరు. ఆ కోటు మనిషి గదిలోంచి వెళ్లిపోయి ఫోన్లో ఆదేశాలిస్తే ఏమవుతుంది? చివరిదాకా వెళ్లినవారి సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. కొందరైతే తక్కువ షాక్ ఇస్తూనే ‘మీరు చెప్పినట్టే పెంచుతున్నా సార్’ అని ఫోన్లో అబద్ధం చెప్పారు. పెత్తనం పనిచేసేది మనిషి ఎదురుగా ఉన్నంతసేపే అనడానికి ఇంతకు మించిన సాక్ష్యమేం కావాలి?

ఓ మహిళ అడిగిన ప్రశ్న

మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని మొట్టమొదట గట్టిగా తప్పుపట్టినవారిలో ఒకరు డయానా బామ్‌రిండ్. కాలిఫోర్నియాలోని బర్కిలీలో పిల్లల మనస్తత్వం మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త. మిల్‌గ్రామ్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడాదే, 1964లో, ఆమె తన అభ్యంతరాలు రాశారు. ప్రయోగానికి వచ్చినవాళ్లు శాస్త్రవేత్త అన్న నమ్మకంతో వచ్చారు. ఆ నమ్మకాన్నే వాడుకుని వాళ్లను మోసం చేస్తే, రేపు నమ్మదగిన పెద్దల్ని కూడా వాళ్లు నమ్మగలరా అన్నది అందులో ఓ ముఖ్యమైన మాట. అధికారం నిలబడేది నమ్మకం మీద. దాన్ని తినేస్తే మిగిలేది డొల్ల.

ఆ మరుసటి రెండేళ్లకు, 1966లో, ఆమే ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి తల్లిదండ్రుల గురించి ఓ వ్యాసం రాశారు. పిల్లల పెంపకాన్ని మూడు రకాలుగా విడదీశారు. మొదటిది అథారిటేరియన్. నియమాలు కఠినం, వివరణ ఉండదు, ఎదురుమాట నేరం. రెండోది ‘పర్మిసివ్’. ప్రేమ బోలెడు, కట్టుబాటు మాత్రం ఉండదు. మూడోది అథారిటేటివ్. నియమాలుంటాయి, అవి గట్టిగానే ఉంటాయి. కానీ ఎందుకో చెబుతారు. పిల్లల వాదన వింటారు. సబబుగా ఉంటే మారుస్తారు, లేకపోతే కాదంటారు. ఎలెనర్ మకోబీ, జాన్ మార్టిన్ 1983లో ఈ వర్గీకరణను విస్తరించి, ప్రేమా పట్టింపూ రెండూ లేని నాలుగో రకాన్ని చేర్చారు.

బామ్‌రిండ్ బృందం నర్సరీ పిల్లల్ని బడిలో గమనించింది. ఇళ్లకు వెళ్లి చూసింది. తల్లిదండ్రులతో మాట్లాడింది. తమ మీద తమకు నమ్మకం, అదుపు, కొత్త విషయాలు తెలుసుకోవాలన్న కుతూహలం ఎక్కువున్న పిల్లల ఇళ్లలో ఎక్కువగా కనిపించింది మూడో పద్ధతి. పెత్తనం నడిచే ఇళ్ల పిల్లలు ముడుచుకుపోయి, అపనమ్మకంగా కనిపించారు. మరి గారాబం ఇళ్ల పిల్లలు? తమంతట తాము నిలబడటంలో వాళ్లే అందరికంటే వెనకపడ్డారు.

మూడు ఇళ్లు... ఒకే మార్కులు

సిద్ధాంతం సరే, ఇంట్లో ఇది ఎలా ఉంటుంది? ఏడో తరగతి పిల్లాడికి లెక్కల్లో వందకి 31 మార్కులొచ్చాయనుకుందాం.

మొదటి ఇంట్లో ప్రోగ్రెస్ రిపోర్టు చూడగానే నాన్న చెయ్యి లేస్తుంది. రేపట్నుంచి క్రికెట్ బంద్, టీవీ బంద్. ‘అది కాదు నాన్నా...’ అనబోతే ‘నోర్ముయ్, ఎదురు చెబుతున్నావా?’ అంతే, విచారణ ముగిసింది.

రెండో ఇంట్లో ‘పోనీలేరా కన్నా, ఈసారి బాగా రాద్దువుగానీ’ అంటూ ఫోన్ చేతికిచ్చేస్తారు. ఆ ‘ఈసారి’ ఏ సారీ రాదు.

మూడో ఇంట్లో నాన్న కాసేపు ఏమీ మాట్లాడడు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని ‘ఏ లెక్కలు పోయాయి?’ అని అడుగుతాడు. భిన్నాలు అర్థం కావడం లేదని అప్పుడు బయటపడుతుంది. ‘అయితే రోజూ భోజనానికి ముందు అరగంట ఇద్దరం కూర్చుందాం. ఆట ఆరింటికి ఆపెయ్యాలి’ అంటాడు. ‘ఆరున్నర దాకా నాన్నా, అందరూ అప్పటిదాకా ఆడతారు’ అంటాడు పిల్లాడు. ‘శనివారం ఆడుకో. మిగతా రోజుల్లో ఆరే. ఎందుకంటే ఆ అరగంట పోతే నిద్ర ముంచుకొచ్చి లెక్కలు బుర్రకెక్కవు.’ పిల్లాడు మూతి ముడుస్తాడు. అయినా ఆరింటికి వచ్చేస్తాడు.

చూశారా... మూడో ఇంట్లో కూడా ‘కుదరదు’ అన్న మాట ఉంది. పెద్దరికమంటే పిల్లలు అడిగిందల్లా ఇచ్చేయడమని చాలామంది పొరబడతారు. అది రెండో ఇల్లు. అథారిటేటివ్ తండ్రి మాట గట్టిదే. కాకపోతే దాని వెనక కారణముంటుంది, తానూ పక్కన కూర్చునే ఓపిక ఉంటుంది.

మరి మొదటి ఇంట్లో? తర్వాతి పరీక్షకి ఆ పిల్లాడు భిన్నాలు నేర్చుకుంటాడో లేదోగానీ నాన్న సంతకం చేయడం మాత్రం నేర్చుకుంటాడు. ఫోన్లో ‘పెంచుతున్నా సార్’ అన్నవాడికీ వీడికీ తేడా ఏముంది?

మార్కులతో పోతే ఫర్వాలేదు. ఆ పిల్లాడే పదేళ్ల తర్వాత ఏ లోన్ యాప్‌లోనో అప్పు చేసి బెదిరింపుల్లో చిక్కుకుంటాడు. ఏ ఆడపిల్లనో ఎవడో ఫొటోలు చూపించి బెదిరిస్తాడు. ఆ రాత్రి ఆ పిల్లలు మొదట చెప్పుకోవాల్సింది ఎవరికి? అమ్మానాన్నలకే. ‘నాన్నకి తెలిస్తే చంపేస్తాడు’ అన్న మాట సరదాగా అనుకునేదే కావచ్చు. కానీ నిజంగా కష్టం వచ్చినరోజు ఆ మాటే పిల్లల నోరు నొక్కేస్తుంది. పెత్తనానికీ పెద్దరికానికీ మధ్య తేడా అసలు తేలేది ఆ రాత్రే.

మనకు సరిపోతుందా?

‘అమెరికా పిల్లల లెక్కలు మన ఇళ్లకు పనికొస్తాయా’ అన్న అనుమానం రావడం సహజం. అక్కడివాళ్లకీ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 7,836 మంది హైస్కూలు విద్యార్థుల మీద జరిగిన ఓ పెద్ద అధ్యయనం 1987లో వెలువడింది. మొత్తం మీద పెత్తనమూ గారాబమూ ఉన్న ఇళ్ల పిల్లలకు మార్కులు తక్కువగా, అథారిటేటివ్ ఇళ్ల పిల్లలకు ఎక్కువగా వచ్చాయి. ఆసియా కుటుంబాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క కుదర్లేదు. ఆ ఇళ్లలో పెత్తనం పాలు ఎక్కువని తేలింది, మార్కులూ బాగానే ఉన్నాయి!

దీనికి 1994లో రూత్ చావ్ అనే పరిశోధకురాలు ఓ జవాబు చెప్పారు. చైనావాళ్ల భాషలో ‘గువాన్’ అని ఓ మాట ఉంది. దానికి పాలించడం, అదుపులో పెట్టడం అనే అర్థముంది. ప్రేమగా చూసుకోవడం అనే అర్థమూ ఉంది. కాబట్టి పైకి కట్టడిలా కనిపించేదంతా పెత్తనమే అనుకోవద్దని, అక్కడి పిల్లలకు అది తమ మీద శ్రద్ధగా కూడా అర్థమవుతుందని ఆమె వివరణ.

ఇది తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. దేశాన్ని ఏలడాన్ని ‘పాలన’ అంటాం. పసిపిల్లల్ని సాకడాన్ని ‘ఆలనాపాలనా’ అంటాం. రెండుచోట్లా ఉన్నది ఒకే పాలన! సంస్కృతంలో ఆ మాటకు మూలార్థం కాపాడటమే. అలాగే శిక్ష. హిందీలో ఆ మాటకు చదువని అర్థం. తెలుగులో దండన అయి కూర్చుంది. దాని తోడబుట్టిన శిక్షణ మాత్రం నేర్పడంగానే మిగిలింది. ఒక్క అక్షరం కలిస్తే బెత్తం పాఠమవుతుంది.

ఆ బెత్తం సంగతికొస్తే, గోడకుర్చీలూ తొడపాశాలూ లేకపోతే చదువే రాదనుకున్న కాలం ఒకటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయితే బెత్తం పోయినంత మాత్రాన పెద్దరికం దానంతటదే రాదు. పాఠం మీద పట్టుండి, ‘ఎందుకు సార్?’ అన్న పిల్లాడికి ఓపిగ్గా జవాబు చెప్పే మాస్టారికే అది దక్కుతుంది. ఆయన స్టాఫ్‌రూమ్‌లో ఉన్నా క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం మరవకూడదు. పెంపకమే పిల్లల్ని పూర్తిగా తయారుచేస్తుందని ఈ పరిశోధనలు తేల్చలేదు. నెమ్మదస్తుడైన పిల్లాడితో ఓపిగ్గా ఉండటం తేలిక, మొండిఘటంతో కష్టం. పిల్లల తీరు కూడా పెద్దల తీరును మారుస్తుంది. పైగా పగలంతా అథారిటేటివ్‌గా ఉన్న అమ్మ కూడా రాత్రి పదింటికి అలసిపోయి ‘చెప్పింది చెయ్యరా’ అని కసురుకోవచ్చు. ఒక్కరోజు కసురుకున్నంత మాత్రాన ఎవరూ నియంత అయిపోరు. రోజూ నడిచే పద్ధతి ఏదన్నదే లెక్క.

గుర్తుపెట్టుకోవడం ఇలా...

* ‘వెజిటేరియన్’ శాకాహారమే సరైనదంటాడు. ‘అథారిటేరియన్’ అధికారమే సరైనదంటాడు. చివర ‘టేరియన్’ కనిపిస్తే ఓ పట్టుదల ఉన్నట్టు.

* ‘కన్సల్టేటివ్’ అంటే సంప్రదించేది. ‘అథారిటేటివ్’ దాని ప్రాసలో ఉంది. పదిమందితో మాట్లాడి, తెలుసుకుని చెప్పే మాటగా గుర్తుంచుకోవచ్చు.

* పుస్తకం, నిఘంటువు, అభిప్రాయం, తీర్పు... వీటి పక్కన అథారిటేటివ్ రావాలి. ప్రభుత్వం, పాలన, ధోరణి... వీటిని తప్పుపట్టాలంటే అథారిటేరియన్. మనుషులకు రెండూ వాడొచ్చు. అందుకే అక్కడే జాగ్రత్త!

* ‘ఆథరైజ్డ్’ ఈ రెండూ కాదు. అది అనుమతి పొందినది. ఆథరైజ్డ్ డీలర్‌కి కంపెనీ లైసెన్సు ఉన్నట్టు. అతనికి ఆ బండి గురించి పూర్తిగా తెలుసునని మాత్రం కాదు.

* అయినా అనుమానమొస్తే ఒక పరీక్ష. ‘ఎందుకు?’ అని అడిగి చూడండి. జవాబు వస్తే అథారిటేటివ్. కోపం వస్తే అథారిటేరియన్!

అథారిటీకి మూలమైన లాటిన్ మాటకు అర్థం పెంచడం అని చెప్పుకున్నాం కదా. తెలుగులో పెంచడమంటే ఎక్కువ చేయడమే కాదు, పిల్లల్ని సాకడం కూడా. గొంతు పెంచడం ఎవరికైనా చేతనవుతుంది. మనిషిని పెంచినవారికే పెద్దరికం దక్కుతుంది.